గోధుమ చేలలో మైన్లు పాతిన చలికాలం

యుద్ధం వస్తుందన్న మాట పుట్టగానే అందరికంటే ముందు పని పడేది సాపర్లకు, అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే మాకు. ఇన్‌ఫాంట్రీ వాళ్ళు మోర్చాలు తవ్వుకుంటారు, ట్యాంకుల వాళ్ళు చెట్ల కింద వలలు కప్పుకుని ఎదురుచూస్తారు. మేం మాత్రం ఒక్క తూటా పేలకముందే, అవతలివాడు ఏ దారిన రావచ్చో ఆ దారినిండా మైన్లు, అంటే మందుపాతరలు పాతాలి. ఎడారిలో అయితే ఇసుకలో పాతుతారు. పంజాబ్‌లో ఖాళీ నేల ఎక్కడుంది? సరిహద్దు కంచె దాకా పచ్చటి గోధుమే. ఆ గోధుమలోనే పాతాం. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాడిగా ఆ చలికాలం నాకు ఎట్లా గడిచిందో రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నా.

2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. వారం తిరిగేలోపే సైన్యం పడమటి సరిహద్దుకి కదలడం మొదలైంది. ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు పెట్టారు. 1971 తర్వాత మన సైన్యం అంత పెద్ద ఎత్తున కదిలింది అప్పుడే. నేను మద్రాస్ సాపర్స్‌లో నాయక్ హోదాలో ఉన్నా. టెలిగ్రాం వచ్చేనాటికి సెలవులో, ప్రకాశం జిల్లా కంభం దగ్గర మా పల్లెలో ఉన్నా. నాయనతో కలిసి పత్తి బోరాలు ట్రాక్టర్‌కి ఎక్కిస్తున్నా. మా వైపు, గిద్దలూరు, కంభం చుట్టుపక్కల, మిలిటరీకి పోవడం కొత్త సంగతి కాదు. చాలా ఇళ్ళల్లో గోడకి యూనిఫాం ఫొటో ఒకటి ఉంటుంది. అందుకని ఎవరూ గగ్గోలు పెట్టలేదు. అమ్మ గోంగూర పచ్చడి డబ్బాకి గుడ్డ కట్టి సంచిలో పెట్టింది. నా భార్య పిల్లవాణ్ణి చంకనేసుకుని బస్సు కదిలేదాకా నిలబడింది. వాడికప్పుడు ఇంకా నడక రాలేదు.

ఫిరోజ్‌పూర్ చేరేసరికి స్టేషన్ నిండా మిలిటరీ స్పెషళ్ళే. చదునైన వ్యాగన్ల మీద ట్యాంకులు, టార్పాలిన్ కప్పిన ఫిరంగులు, వంటపాత్రలు, మేకలు కూడా. ప్లాట్‌ఫారం మీద ఊరివాళ్ళు బకెట్లతో టీ, పెద్ద గంపల్లో పూరీలు పెట్టుకుని నిలబడ్డారు. ఎవరి యూనిట్ అని అడగడం లేదు, ఎక్కడివాళ్ళని అడగడం లేదు. గ్లాసు చేతిలో పెట్టడమే. ముసలామె ఒకావిడ నా చెంప నిమిరి ఏదో పంజాబీలో అంది. నాకు అర్థమైంది 'పుత్తర్' ఒక్కటే.

మా కంపెనీ దిగింది సరిహద్దుకి కొన్ని కిలోమీటర్ల ఇవతల, కాలవ గట్టు పక్కన వరుసగా ఉన్న నీలగిరి చెట్ల కింద. ఫిరంగి గుండు పడితే ముక్కలు తగలకుండా ముందు నడుముదాకా గుంత తీసి, ఆ గుంత మీద టెంటు వేస్తారు. కాబట్టి రాత్రి పడుకునేది భూమిలోనే. గుంత గోడల నుంచి చెమ్మ వస్తుంది. గ్రౌండ్‌షీట్ వేసినా వీపు కింద నేల ఐసులా ఉండేది. రెండో రోజు పక్క ఊరి రైతులు ట్రాలీలతో వరిగడ్డి తెచ్చి పోశారు. మొన్నటి వరికోతల గడ్డి. దాన్ని మోకాలెత్తున పరిచి పైన కంబళి వేసుకున్నాక గానీ మాకు నిద్ర పట్టలేదు. ఆ గడ్డి వాసన తగిలేసరికి నా ప్రాణం లేచొచ్చింది. కంభం చెరువు కింద మాకు కాస్త మాగాణి ఉంది. నూర్పిళ్ళ రోజుల్లో చిన్నప్పుడు కళ్ళంలో గడ్డిమీదే పడుకునేవాళ్ళం. పంజాబ్ వరి వేరు, మన వరి వేరు. వాసన మాత్రం ఒకటే. పక్కన పడుకున్న తమిళ తంబి కూడా అదే అన్నాడు: "తంజావూర్ మాదిరి ఇరుక్కు అన్నా."

చలి సంగతి చెప్పాలి. లడఖ్‌లో, సియాచిన్‌లో పనిచేసినవాళ్ళ ముందు పంజాబ్ చలి గురించి మాట్లాడితే తేలిగ్గా తీసేస్తారు. మైనస్ ముప్పై కాదు నిజమే. రెండు, మూడు డిగ్రీలు. కానీ అక్కడ బాధంతా పొగమంచుది. కోహ్రా అంటారు. రాత్రి దిగితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవదు. కొన్ని రోజులు అసలు సూర్యుడే కనిపించడు. టెంటు గుడ్డ నుంచి, చెట్ల ఆకుల నుంచి, హెల్మెట్ అంచు నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఉతికిన సాక్సు ఆరదు. తడిసిన సాక్సునే ఒంటికి ఆనించుకుని పడుకుంటే తెల్లారేసరికి కాస్త ఆరేది. ఆర్డర్ ప్రకారం బూట్లు విప్పకుండా పడుకోవాల్సిన రాత్రులు ఉండేవి. పాదాలు తెల్లగా నాని, వేళ్ళ మధ్య చీలేవి. ఒక రైతు చెప్పాడని ఆవనూనె వెచ్చజేసి పాదాలకు పట్టించుకోవడం మొదలుపెట్టాం. దానితో చాలామందికి నయమైంది. మా నర్సింగ్ అసిస్టెంట్ కూడా తన పెట్టెలో ఒక సీసా ఉంచుకున్నాడు.

తెల్లవారకముందే స్టాండ్ టు. అంటే దాడి జరిగేది ఎక్కువగా ఆ వేళలోనే కాబట్టి ప్రతివాడూ ఆయుధంతో తన మోర్చాలో నిలబడాలి. ముందు పది అడుగుల అవతల ఏముందో కనబడదు. తెల్లటి గోడ ఒకటి ఎదురుగా ఉన్నట్టు ఉంటుంది. దాంట్లోంచి నక్కల కూతలు, ఎక్కడో పంపుసెట్టు చప్పుడు, గురుద్వారా మైకులో పాఠం, అంటే గ్రంథ పఠనం. ఆ పాఠం వినబడుతోందంటే ఊళ్ళో ఇంకా మనుషులున్నారన్నమాట. ఆడవాళ్ళనీ పిల్లలనీ చుట్టాల ఊళ్ళకు పంపేశారు. మగవాళ్ళు పశువుల కోసం, నీళ్ళు కట్టడం కోసం ఉండిపోయారు. వెలుగొచ్చాక స్టాండ్ డౌన్ అంటారు. అప్పుడు లంగర్ నుంచి, అంటే మా వంటశాల నుంచి, టీ కెటిల్ వస్తుంది. ఇనుప మగ్గు రెండు చేతులతో పట్టుకుని, తాగడంకంటే ముందు ముఖానికి ఆనించుకునేవాళ్ళం.

ఇక పని. మైన్లు పాతడం అనగానే గుంత తవ్వి పెట్టి కప్పేయడం అనుకుంటారు. అది సగం కూడా కాదు. ముందు ఆఫీసర్లు మ్యాపు మీద గీత గీస్తారు. శత్రువు ట్యాంకు ఏ దారిన వస్తే మన ఫిరంగి గురిలోకి వస్తుందో చూసుకుని గీసిన గీత అది. అది ఎవరి పొలం, అందులో ఏం పంట ఉంది అన్నది ఆ గీతకు తెలియదు. తర్వాత మేం వెళ్ళి మొదలు స్థానం గుర్తుపెట్టి, ఎన్నటికీ కదలని ఒక ఆనవాలు నుంచి దూరం, దిక్కు కొలిచి రాసుకుంటాం. వంతెన స్తంభమో, మైలురాయో, పాత బావి గట్టో ఆనవాలు కావాలి. చుట్టూ ముళ్ళకంచె, కంచెకి ఎర్ర రంగు వేసిన మూడు మూలల రేకులు. లోపల వరుసలకి తెల్లటి టేపు. కొలిచేవాళ్ళు వేరు, తవ్వేవాళ్ళు వేరు, మైను అమర్చేవాళ్ళు వేరు, చివరికి దానికి ప్రాణం పోసేవాళ్ళు, అంటే పేలడానికి సిద్ధం చేసేవాళ్ళు వేరు. రాసేవాడు ఇంకొకడు. ఆ రాసేవాడి కాగితమే అన్నిటికంటే ముఖ్యం. రేపు శాంతి వచ్చాక మైన్లు తీసేది ఆ కాగితాన్ని పట్టుకునే. అందులో గీత ఒక అడుగు తప్పితే ఏదో ఒక రోజు ఎవరిదో కాలు పోతుంది.

ఆఖరి పని చేసేటప్పుడు చేతికి గ్లవుసు ఉండకూడదు. వేళ్ళకు స్పర్శ తెలియాలి. తడిమట్టి, చలిగాలి. కాసేపటికి వేళ్ళు మనవి కానట్టు అయిపోతాయి. అప్పుడు ఆగాలి. ఆగమని గట్టిగా చెప్పడానికే ఒక హవల్దార్ వెనక ఉంటాడు. చేతులు చంకల్లో పెట్టుకుని, వేళ్ళలోకి రక్తం తిరిగి వచ్చాక మళ్ళీ వంగాలి. తొందర చూపినవాడిని మా సుబేదార్ సాబ్ వరుసలోంచి బయటికి పిలిచేసేవారు. "ధైర్యం నాకొద్దు, లెక్క కావాలి" అనేవారు. ప్రతి మైను నుంచి తీసిన సేఫ్టీ పిన్ను జేబులో వేసుకుని రావాలి. సాయంత్రం అందరి పిన్నులూ దుప్పటి మీద పోసి లెక్కపెట్టేవాళ్ళం. రిజిస్టర్‌లో ఎన్నుంటే దుప్పటి మీద అన్నే ఉండాలి. లేకపోతే ఎవరికీ అన్నం లేదు, నిద్ర లేదు. మళ్ళీ లాంతరు పట్టుకుని వరుస మొదటి నుంచి చూడాల్సిందే. ఆ చలికాలంలో ఒక్క తూటా తగలకుండానే, మైన్లు పాతుతూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. కాళ్ళు పోయి ఇంటికి వెళ్ళినవాళ్ళున్నారు. రాజస్థాన్ వైపు, జమ్ము వైపు, మా పక్క సెక్టార్లలో. వాళ్ళ పేర్ల మీద ప్రత్యేకంగా పెద్ద స్మారకాలున్నట్టు నాకు తెలియదు. యుద్ధం జరగలేదు కాబట్టి యుద్ధవీరులు అనరు. నాకు ఈనాటికీ గుండెల్లో మంట పుట్టించే విషయం అది.

గోధుమ నవంబర్‌లో విత్తుతారు. మేం దిగేసరికి చీలమండెత్తు పెరిగి ఉంది, తొలి తడి పెట్టే సమయం. మొదటి రోజు ఆ పచ్చటి సాలు మీద బూటు పెట్టడానికి నా కాలు రాలేదు. మా ఇంట్లో మొలక మీద కాలు పెడితే నాయన చెయ్యెత్తేవాడు. చేలోకి చెప్పులతో రానిచ్చేవాడు కాదు. ఇక్కడ వరసగా నూరుమంది బూట్లు. పార దిగినప్పుడల్లా మొక్కలు వేళ్ళతో సహా పెల్లగించుకుని లేచేవి. కొందరం, ఎవరూ చెప్పకుండానే, ఆ గడ్డను ముందు పక్కన పెట్టి, మైను కప్పాక మళ్ళీ పైన బోర్లించకుండా సరిగ్గా నిలబెట్టేవాళ్ళం. ఆనవాలు తెలియకుండా ఉండడానికి అట్లాగే చేయాలని ఆర్డర్ కూడా. కానీ మేం చేసింది ఆర్డర్ కోసం ఒక్కదానికే కాదు.

మేం మైన్లు పాతుతున్న నేలలో పెద్ద ముక్క ఒక ముసలి సర్దార్జీది. అందరం ఆయన్ని బాపూజీ అనేవాళ్ళం. తెల్లగడ్డం, భుజం మీద గోధుమరంగు లోయీ దుప్పటి, చేతిలో కర్ర. రోజూ పొద్దున్నే వచ్చి టేపు అవతల గట్టు మీద గొంతుకూర్చునేవాడు. కేకలేయడు, బతిమాలడు. ఆయన కథ ముక్కలు ముక్కలుగా విన్నాం. 1947లో తండ్రి వేలు పట్టుకుని ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న మాంట్‌గొమరీ జిల్లా నుంచి ఇటు వచ్చాడు. అక్కడ వదిలేసిన భూమికి బదులు ఇక్కడ ఇచ్చారు. 1965లో పశువులు తోలుకుని ఊరు విడిచాడు. 1971లో మళ్ళీ విడిచాడు. ఫిరోజ్‌పూర్ అవతల హుస్సేనీవాలా దగ్గర సట్లెజ్ మీద వంతెనని ఆ యుద్ధంలో శత్రువు రాకుండా మన సైన్యమే పేల్చేసింది. ఆ సంగతి ట్రైనింగ్‌లో మేం పాఠంగా చదివాం, ఆయన ఆ రోజుల్ని కళ్ళతో చూశాడు. భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌ల సమాధి ఉన్నది కూడా అక్కడే.

ఒక రోజు నన్ను పిలిచి మా నాన్న ఏం చేస్తాడని అడిగాడు. నాకు వచ్చిన హిందీలో చెప్పా: పత్తి, మిరప, కంది, చెరువు కింద కాస్త వరి. ఎన్ని ఎకరాలు, నీళ్ళు ఎక్కడివి, పత్తికి పురుగు పట్టిందా అని వరుసగా అడిగాడు. తనకూ కంచె దగ్గర ముక్కలో నర్మా పత్తి ఉండేదట. ఆ ఏడు పురుగు తినేసిందట. మేం ఇద్దరం అమెరికన్ పురుగు గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. వెనక మా వాళ్ళు మైన్లు పెట్టెల్లోంచి దించుతున్నారు. మాట మధ్యలో, గొంతు ఏమాత్రం మార్చకుండా, "మళ్ళీ ఎప్పుడు తీస్తారు పుత్తర్?" అన్నాడు. నేను నేల చూశా. సిపాయికి తెలిసే సంగతి కాదది. ఢిల్లీలో ఉన్నవాళ్ళకి కూడా ఆ రోజు తెలియదు. ఆయన మళ్ళీ అడగలేదు. గీత లోపల పడిపోయిన తన ట్యూబ్‌వెల్ వైపు ఒకసారి చూసి, మోటారు విప్పుకోనిస్తారా అని మాత్రం అడిగాడు. ఆఫీసర్ ఒప్పుకున్నారు. మేం నలుగురం వెళ్ళి విప్పబోతే బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి రాలేదు. చీకటి పడింది. మర్నాడు ఆ వరుసకు ప్రాణం పోయాల్సిన రోజు. మోటారు అక్కడే ఉండిపోయింది.

మా నాయన అంతకు ముందు ఏడు బోరు వేయించాడు. రెండు ఎండిపోయాక మూడోది పడింది. ఆ అప్పుకి నా జీతంలోంచి నెలనెలా పంపేవాణ్ణి. కాబట్టి ఆ మోటారు అక్కడ వదిలేయడమంటే ఏమిటో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

రాత్రి సంత్రీ డ్యూటీ రెండేసి గంటలు. ఆ రెండు గంటలూ ఇల్లే. చాలామంది పెళ్ళాన్నో పిల్లల్నో తలుచుకుంటారు. నేను మా చేను తలుచుకునేవాణ్ణి. వేపచెట్టు దగ్గర మొదలుపెట్టి, తూర్పు గట్టు మీదుగా, కందిసాళ్ళ పక్కనుంచి, బోరు దగ్గరికి. ఎక్కడ రాయి ఉంది, ఎక్కడ నీళ్ళు నిలుస్తాయి, ఎక్కడ నాయన తువ్వాలు పరిచి పడుకుంటాడు, అన్నీ కళ్ళకు కట్టేవి. కొన్ని వారాలు అట్లా హాయిగా సాగింది. ఆ తర్వాత ఒక రాత్రి అట్లా తిరుగుతూ, వేపచెట్టు నుంచి బోరుకి ఎన్ని అడుగులు, దిక్కు ఎంత అని కొలుస్తున్నానని గమనించా. వేపచెట్టు నాకు ఆనవాలు అయిపోయింది. ఎక్కడెక్కడ వరుస వేయొచ్చో మనసు దానంతట అదే లెక్క కట్టేస్తోంది. ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత చాలా రోజులు కావాలనే ఇంటి లోపలికి వెళ్ళేవాణ్ణి: వంటిల్లు, అమ్మ పొయ్యి, జొన్నరొట్టె తట్టే చప్పుడు, ఉట్టి. చేలోకి మాత్రం వెళ్ళేవాణ్ణి కాదు.

ఉత్తరాలు కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు అడ్రసుకి వచ్చేవి. ఆ అంకె చూసి మనం ఎక్కడున్నామో ఇంట్లోవాళ్ళకు తెలియదు. మనం రాయకూడదు. 'ఇక్కడ అంతా క్షేమం, చలి ఉంది, తింటున్నా' అంతకు మించి ఏం రాసేది? నా భార్య ఉత్తరాల్లో మాత్రం అన్నీ ఉండేవి. పత్తి ఎంతకి పోయింది, కరెంటు రాత్రి ఎన్నింటికి ఇస్తున్నారు, బర్రె ఈనింది, పిల్లవాడు మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఒక ఉత్తరంలో రాసింది: "మామయ్య రాత్రిపూట వార్తలు అయిపోయినా టీవీ ముందునుంచి లేవడం లేదు. అడిగితే నిద్ర రావట్లేదంటున్నారు. మీరు ఒకసారి ఫోన్లో ఆయనతో మాట్లాడండి." ఫోన్ అంటే ఊళ్ళో అంగడివాళ్ళది, పీపీ నంబరు. నేను దగ్గరి టౌన్‌కి బండిలో పోయే అవకాశం దొరికినప్పుడు ఎస్టీడీ బూత్ ముందు వరసలో నిలబడాలి. ఆ వరసలో బీహారీ, మరాఠా, గూర్ఖా, మలయాళీ, అందరి చేతుల్లోనూ చిల్లరే. ఫోన్ చేసి పిలవమని పెట్టేసి, పది నిమిషాలాగి మళ్ళీ చేయాలి. ఆ పది నిమిషాల్లో నాయన పరిగెత్తుకుంటూ వచ్చేవాడని తర్వాత తెలిసింది. ఫోన్లో ఆయాసం వినబడేది. "తిన్నావా" అని ఆయన, "తిన్నా, నువ్వు తిన్నావా" అని నేను. "బోరు పోస్తోందా" అని నేను, "పోస్తోంది" అని ఆయన. బూత్‌లో మీటరు ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే మిగతావన్నీ గొంతులోనే ఉండిపోయేవి.

జనవరి వచ్చింది. కొత్త సంవత్సరం మొదటి రోజు నుంచి పాకిస్తాన్‌కు రైళ్ళు, బస్సులు ఆపేశారు. 11వ తేదీన సైన్యాధిపతి జనరల్ పద్మనాభన్ విలేకరుల ముందుకొచ్చి యుద్ధానికి సిద్ధంగా ఉన్నామన్నారు. అది విన్నాక ఇక రేపో ఎల్లుండో అనుకున్నాం. కొందరు ఇంటికి పెద్ద ఉత్తరాలు రాశారు. నేను ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు ఎక్కడ పెట్టానో, ఎవరికి ఎంత ఇవ్వాలో మాత్రం రాసి, పోస్టు చేయకుండా పెట్టెలో పెట్టుకున్నా. మర్నాడు రాత్రి పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ ప్రసంగం. సుబేదార్ సాబ్ టెంట్‌లో రేడియో చుట్టూ పట్టినంతమందిమి కూర్చున్నాం, పట్టనివాళ్ళు బయట చలిలో నిలబడి విన్నారు. లష్కర్, జైష్ ఉగ్రవాద సంస్థలను నిషేధిస్తున్నానన్నాడు. అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. అందరం సుబేదార్ సాబ్ ముఖం చూశాం. "పొద్దున స్టాండ్ టు మామూలే" అన్నారాయన.

తెల్లారితే భోగి. పంజాబ్‌లో అదే రోజు లోహ్రీ. సాయంత్రం ఊళ్ళో మిగిలిన మగవాళ్ళు గురుద్వారా వెనక, గోడల చాటున చిన్న మంట వేశారు. మాలో కొందరిని పంపమని కంపెనీ కమాండర్‌ని అడిగారట. నేనూ వెళ్ళా. పిల్లలు లేరు, ఆడవాళ్ళు లేరు, పాటల్లేవు. పదిహేనుమంది ముసలి, నడివయసు మగవాళ్ళు. బాపూజీ ఉన్నాడు. వేరుశనక్కాయలు, రేవడీలు మంటలో ఒక పిడికెడు వేసి, తలా ఒక దోసెడు పెట్టారు. ఆ ఏడు బాపూజీ ఇంట్లో మనవడు పుట్టాడట. కొడుకు పుట్టిన ఇంట్లో తొలి లోహ్రీ ఘనంగా చేస్తారు. పిల్లవాణ్ణి ముక్త్‌సర్‌లో చుట్టాలింటికి పంపేసి ఆయన ఇక్కడ ఒంటరిగా మంట ముందు నిలబడ్డాడు. మా ఇంట్లో కూడా అదే సాయంత్రం నా కొడుక్కి భోగిపళ్ళు పోసి ఉంటారని చెప్పా. రేగుపళ్ళు, చిల్లర డబ్బులు, పూలు కలిపి తలమీద పోస్తామని చేత్తో చూపించా. ఆయన వేరుశనక్కాయల దోసిలి ఎత్తి నా తలమీద పోశాడు. "నీ కొడుకు తరఫున" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు, నేను కూడా నవ్వా. కాలరులోంచి కాయలు ఏరుకుంటూ క్యాంపుకి నడిచేటప్పుడు మాత్రం పొగమంచుని దేవుడు నా కోసమే దింపాడనిపించింది, పక్కవాడికి నా ముఖం కనబడలేదు.

మర్నాడు సంక్రాంతి. మా సాపర్లకు పొంగల్ పెద్ద పండగ. లంగర్‌లో చక్కెర పొంగలి, సాంబారు. ఆ మర్నాడు, కనుమనాడు, ఆర్మీ డే. రోజంతా డ్యూటీ చేసి రాత్రి బడాఖానా, అంటే అందరం కలిసి తినే విందు. అమ్మ ఇచ్చిన గోంగూర అప్పటికి అడుగంటింది. అడుగు గీకి, వేడన్నంలో కలిపి మా సెక్షన్‌కి ముద్ద ముద్ద పెట్టా.

యుద్ధం రాలేదు. చలి పోయింది, ఎండలు వచ్చాయి, మేలో జమ్ము దగ్గర కాలూచక్‌లో జవాన్ల కుటుంబాల మీద దాడి జరిగి మళ్ళీ రేపో ఎల్లుండో అన్నంత దాకా వెళ్ళి ఆగింది. కంచెలోపలి గోధుమ ఎవరూ కోయకుండా ఎండి రాలిపోయింది. అక్టోబర్‌లో సైన్యాన్ని వెనక్కి రమ్మన్నారు. రైళ్ళలో అందరూ వెళ్ళిపోయారు. సాపర్లం ఉండిపోయాం. పాతినవాళ్ళే తీయాలి.

తీయడం పాతడంకంటే కష్టం. ఏడాదిలో సర్కండా గడ్డి మనిషెత్తు పెరిగింది. వానలకు కొన్నిచోట్ల మట్టి జారి మైన్లు ఉన్నచోటు నుంచి కదిలాయి. రిజిస్టర్ తెరిచి, ఆనవాలు నుంచి కొలుచుకుంటూ, మోకాళ్ళ మీద కూర్చుని, సూదితో నేలను ఏటవాలుగా గుచ్చుకుంటూ అంగుళం అంగుళం. మళ్ళీ చలికాలం, మళ్ళీ అదే కోహ్రా. ఈసారి నా వేళ్ళు మొద్దుబారలేదు అనలేను గానీ, మనసు మాత్రం తేలికగా ఉంది. తీసిన ప్రతి మైనుకీ ఒక చదరపు గజం నేల ఒక రైతుకి తిరిగొచ్చింది. బాపూజీ మళ్ళీ గట్టు మీద కూర్చునేవాడు. ఆయన ముక్కలో రిజిస్టర్ లెక్క, తీసిన లెక్క సరిపోయిన రోజు కంపెనీ కమాండర్ స్వయంగా ఆయన చెయ్యి పట్టుకుని కంచె దాటించి లోపలికి నడిపించారు. మా వాళ్ళు ముందు నడిచి చూపించారు. రైతుకి నమ్మకం కలగాలంటే అదొక్కటే దారి. కొన్ని పొలాల్లో లెక్క సరిపోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ తర్వాత దొరికిన సెలవులో ఇంటికి వచ్చినప్పుడు నాయన యుద్ధం గురించి అడగలేదు. ఎకరానికి నష్టపరిహారం ఎంతిచ్చారు, కౌలు రైతులకు కూడా ఇచ్చారా, పంట వేయక ఏడాది పడి ఉన్న నేలని ఎట్లా దున్నారు, ఇవే. బాపూజీ సంగతి, మోటారు సంగతి చెప్పా. మౌనంగా విని, ఒక ఇన్లాండ్ లెటర్ తెమ్మన్నాడు. తను తెలుగులో చెప్తుంటే నన్ను హిందీలో రాయమన్నాడు. బోరు మోటారు ఏడాది తుప్పుపట్టినా పారేయొద్దని, వైండింగ్ మార్పిస్తే పనిచేస్తుందని, మొదటి ఏడు గోధుమ వద్దు, ఏదైనా పప్పుజాతి వేసి నేలలో కలియదున్నమని. తను ఎన్నడూ చూడని నేలకి ఆయన ఇచ్చిన సలహా అది.

కొన్ని నెలలకు నా యూనిట్ అడ్రసుకి గుర్ముఖిలో జవాబు వచ్చింది. మా పక్క రెజిమెంట్ సిక్కు డ్రైవర్‌తో చదివించుకుని, తెలుగులో రాసి నాయనకి పంపా. మోటారు బాగుచేయించాడట, నీళ్ళు పోస్తోందట. మనవడు నడుస్తున్నాడట. ఆ ముక్కలో పెసర వేశాడట. తర్వాత ఫోన్ చేసినప్పుడు నాయన ఉత్తరం అందిందని చెప్పి, "అంతా బాగానే రాశాడు గానీ, వైండింగ్‌కి ఎంత తీసుకున్నారో రాయలేదే. ఆ సంగతి అడిగి మళ్ళీ రాయి" అన్నాడు.